"ఎల్లిదమైతిమె?": వరూధిని "మేము" అన్నది ఎవరి తరఫున?

నిన్న మన గుంపులో ఒక తమ్ముడు అడిగాడు: "ప్రవరుడు అంత నిష్ఠాగరిష్ఠుడు కదా, ముక్కూమొహం తెలియని ఆడమనిషిని పట్టుకుని 'ఎవ్వతె వీవు' అంటాడేమిటి? ఇవాళ ఎవరినైనా అలా అంటే కొట్టడానికి వస్తారు." రెండు ముక్కల్లో జవాబు రాసేద్దామని అల్లసాని పెద్దన మనుచరిత్ర తీశాను. ఆ పద్యం సంగతి తొందరగానే తేలింది. దాని తర్వాతి పద్యం దగ్గర మాత్రం ఆగిపోయాను. అందుకే దీన్ని వేరే చర్చగా పెడుతున్నాను.

ముందు తమ్ముడు అడిగిన పద్యం:

ఎవ్వతె వీవు భీతహరిణేక్షణ! యొంటిఁ జరించె దోట లే
కివ్వనభూమి? భూసురుఁడ నేఁ, బ్రవరాఖ్యుఁడఁ, ద్రోవ తప్పితిం
గ్రొవ్వున నిన్నగాగ్రమునకుం జనుదెంచి. పురంబుఁ జేర నిం
కెవ్విధిఁ గాంతుఁ? దెల్పఁగదవే! తెరువెద్ది? శుభంబు నీకగున్

అంటే: ఎవతెవు నువ్వు, బెదిరిన లేడి కళ్ళదానా, ఈ అడవిలో బెదురు లేక ఒంటరిగా తిరుగుతున్నావు? నేను బ్రాహ్మణుణ్ణి, పేరు ప్రవరుడు. కొవ్వెక్కి ఈ కొండ మీదికి వచ్చి దారి తప్పాను. ఊరు చేరేదెలా? దారేదో చెప్పు, నీకు మేలు కలుగుతుంది.

కథ తెలియనివాళ్ళ కోసం: అరుణాస్పదపురంలో ఉండే ప్రవరుడు ఒక సిద్ధుడిచ్చిన పసరు పాదాలకు పూసుకుని హిమాలయం చూడబోయాడు. మంచులో ఆ లేపం కరిగిపోయింది. ఇల్లు చేరే దారి లేదు. అప్పుడు కనిపించింది అప్సరస వరూధిని. కథ మార్కండేయపురాణంలోది. తెలుగులో దాన్ని ముందే మారన చెప్పాడు. పెద్దన దాన్ని ఆరు ఆశ్వాసాల ప్రబంధం చేసి కృష్ణదేవరాయలకు అంకితమిచ్చాడు. అంటే 1509కీ 1529కీ నడుమ, కొలువులో పదిమంది వినడానికి తయారైన కథ ఇది.

"ఎవ్వతె" ఆ కాలంలో తిట్టు కాదు. ఒకఁడు–ఒకతె, ఎవ్వఁడు–ఎవ్వతె, అంతే. తర్వాతి కాలంలో బహువచనం మర్యాదను తన వైపు లాక్కుంది. "ఎవరు", "వారు", "మీరు" గౌరవవాచకాలయ్యాక ఏకవచనాలు మొరటుబారాయి. కానీ రెండూ ఒక్కలా మొరటుబారలేదన్నది గమనించాలి. "ఎవడో వచ్చాడు" అంటే కొంచెం నిర్లక్ష్యం. "ఎవతో వచ్చింది" అంటే ఆ మనిషి నడవడి మీదే నింద. జోడుపదాల్లో ఆడదాని పదమే ఎక్కువ లోతుకు జారింది. ఆ జారుడు పెద్దనది కాదు, తర్వాత మనం చేసింది.

ప్రాస కోసం వాడాడేమో అని కింద ఒకరు రాశారు. పద్యంలో మొదటి మాటే ప్రాసను నిర్ణయిస్తుంది కదండీ. "వ్వ" ప్రాస వచ్చింది "ఎవ్వతె"తో మొదలుపెట్టడం వల్లనే.

ఇప్పుడు నన్ను ఆపేసిన పద్యం:

ఇంతలు కన్నులుండఁ దెరువెవ్వరి వేఁడెదు? భూసురేంద్ర! యే
కాంతమునందు నున్న జవరాండ్ర నెపంబిడి పల్కరించు లా
గింతియ కాక, నీ వెఱుఁగవే మును వచ్చిన త్రోవ చొప్పు? నీ
కింత భయంబు లే కడుగ నెల్లిదమైతిమె? మాటలేటికిన్

అంటే: ఇంతలేసి కళ్ళుండగా దారి ఎవరిని అడుగుతున్నావు? ఒంటరిగా ఉన్న పడుచులను ఏదో వంక పెట్టి పలకరించడమే తప్ప, వచ్చిన దారి జాడ నీకు తెలియదా? ఇంత భయం లేకుండా అడగడానికి చులకనయ్యామా? మాటలెందుకు?

ఈ రెండు పద్యాలూ పక్కపక్కన పెట్టి చదవండి. అతను అన్న ఒక్కో మాటనూ ఆమె తిప్పి అతని చేతిలోనే పెడుతుంది. "భీతహరిణేక్షణ" అన్నాడు, బెదిరిన లేడి కళ్ళదానా అని. ఆ సమాసాన్ని ఆమె రెండు ముక్కలు చేసింది. కళ్ళ ముక్కకు జవాబు "ఇంతలు కన్నులుండ". బెదురు ముక్కకు జవాబు "నీకింత భయంబు లేక అడుగ". "ఒంటిఁ జరించెదు" అన్నదానికి "ఏకాంతమునందు నున్న జవరాండ్ర". "త్రోవ తప్పితి" అంటే "మును వచ్చిన త్రోవ చొప్పు ఎఱుఁగవే?". "తెరువెద్ది" అంటే "తెరువెవ్వరి వేఁడెదు". "తెల్పఁగదవే" అంటే "మాటలేటికిన్". చివరికి అతను చెప్పుకున్న "భూసురుఁడ"ను కూడా వదల్లేదు, "భూసురేంద్ర" అని ఒక మెట్టు పైకెత్తి మరీ ఇచ్చింది.

"ఇంతలు" అనే మాటను కళ్ళతో చదివితే సగమే అందుతుంది. ఇంతలేసి కళ్ళు అనేటప్పుడు మనం చేతివేళ్ళు గుండ్రంగా చుట్టి చూపిస్తాం. ఆ చెయ్యి ఈ పద్యంలో ఉంది. పైగా అది మందలింపూ, మెచ్చుకోలూ ఒక్క ఊపిరిలో. ప్రబంధాల్లో కళ్ళ వర్ణన సాధారణంగా మగవాడి చూపులో ఆడదానికి జరుగుతుంది. ఇక్కడ ఆడది మగవాడి కళ్ళ వెడల్పు కొలిచి చెబుతోంది.

"చొప్పు" అంటే అడుగుజాడ. అతనికి ఆ జాడ లేదు, పసరు మహిమతో వచ్చాడు కనుక. నిజంగానే దారి తెలియక అడిగాడని మనకు తెలుసు, ఆమెకు తెలియదు. కాబట్టి ఆమె నింద ప్రవరుడి పట్ల తప్పు. అయినా ఆ నిందలోని అనుభవం తప్పు కాదు. ఒంటరిగా ఉన్న ఆడపిల్లను దారి అడిగే నెపంతో పలకరించేవాళ్ళు ఉంటారన్నది ఆ కొలువులో కూర్చున్నవాళ్ళకు తెలుసు, ఈ వేళ బస్టాండులో నిలబడ్డ ఆడపిల్లకూ తెలుసు.

ఇక నా అసలు మాట "ఎల్లిదమైతిమె". ఎల్లిదము అంటే చులకన. నేడు వాడుకలో దీని బరువును మోస్తున్న మాటలు "అలుసు", "లోకువ". మా ఇంట్లో పెద్దవాళ్ళు "అడుగుతూ పోతే అలుసైపోతావే" అనేవారు, ఆడపిల్లలతోనే. కానీ నన్ను పట్టుకున్నది నామవాచకం కాదు, క్రియ చివర ఉన్న "మె". ఎల్లిదమైతినె అనలేదు, ఎల్లిదమైతిమె అంది. "నేను చులకనయ్యానా" కాదు, "మేము చులకనయ్యామా". ఆ అడవిలో ఉన్నది ఒక్కతె. మరి ఈ "మేము" ఎవరు? నా ఉద్దేశంలో అది పైపాదంలోని "జవరాండ్ర". తనొక్కర్తి తరఫున కాదు, ఒంటరిగా కనిపించి పలకరింపులకు గురయ్యే ఆడవాళ్ళందరి తరఫున అడుగుతోంది. మీరేమంటారు?

*

ఒక తెలుగు మాస్టారు ఇలా రాశారు:

"అమ్మా, పద్యం జోడింపు బాగా చూపించారు. కానీ 'మె' దగ్గర మీరు ఎక్కువ బరువు మోపుతున్నారు. దేవతలూ రాజులూ తమను తాము 'ఏము' (మేము) అనుకోవడం కావ్యభాషలో మామూలే. ఆమె దేవకాంత. మానవుడొకడు వచ్చి 'ఎవ్వతె' అంటే, తన హోదా గుర్తుచేయడానికి బహువచనం వాడింది. అది అతిశయం, సంఘభావం కాదు."

నా జవాబు:

మాస్టారూ, మీరు చెప్పిన ప్రయోగం ఉంది, కాదనను. ఈ ఒక్క పద్యమే ఉంటే మీ మాటకే తలవంచేదాన్ని. కానీ వరూధిని ఈ సన్నివేశంలో ఇంకోచోట ఎలా మాట్లాడిందో చూడండి. ప్రవరుడు ఆమెను తోసేసిన తర్వాత:

పాటున కింతు లోర్తురె కృపారహితాత్మక! నీవు త్రోవ ని
చ్చోట భవన్నఖాంకురము సోఁకెఁ గనుంగొనుమంచుఁ జూపి...

ఈ దెబ్బకు ఆడవాళ్ళు ఓర్వగలరా, నువ్వు తోయగా ఇక్కడ నీ గోరు తగిలింది చూడు అని. "పాటునకు ఇంతులు ఓర్తురె": ఇంతులు, బహువచనం. తోసింది తనను, గీరుకున్నది తన ఒంటికి, అయినా "ఓర్తునె" అనలేదు. ఇక్కడ హోదా చూపించుకునే అవసరం లేదు, బతిమాలుతోంది కాబట్టి. అయినా మాట ఆడవాళ్ళందరి మీదుగా వచ్చింది. ఇదే సన్నివేశంలోని ఇంకో పాదం సామెతే అయిపోయింది: "వనిత తనంత తా వలచి వచ్చినఁ జుల్కన కాదె యేరికిన్". అక్కడా "వనిత" అనే జాతివాచకం, అక్కడా చులకన. మొదటి పద్యంలోని ఎల్లిదము ఇక్కడ చుల్కనగా తిరిగి వచ్చింది. ఈ మూడూ కలిపి చూస్తే "మె" అతిశయం మాత్రమే అనిపించడం లేదు నాకు.

ఇంకో చిన్న సంగతి, ఇది పెద్దన ఉద్దేశించాడని అనను, చెవికి వినబడేది చెబుతున్నాను. ప్రవరుడు మొదట అడిగింది "త్రోవ", అంటే దారి. చివరికి "నీవు త్రోవన్", అంటే నీవు తోయగా. అతను అడిగిన మాటా, ఆమెకు దక్కిన మాటా ఒకే ధ్వని. అలాగే "ఏకాంతము" పాదం చివర విరిగి, రెండో పాదం "కాంత"తో మొదలవుతుంది. పద్యం పైకి చదివేటప్పుడు అక్కడ ఊపిరి తీసుకుంటాం కదా, ఏకాంతంలోంచి కాంత విడిగా వినబడుతుంది.

బహువచనం గురించి అన్నారు కాబట్టి వ్యాకరణం మాట కూడా. చిన్నయసూరి బాలవ్యాకరణంలో మహత్తులంటే స్త్రీలూ తిర్యక్కులూ (పశుపక్ష్యాదులు) జడాలూ (ప్రాణం లేనివి) కానివి, అంటే మగవాళ్ళను చెప్పే మాటలు. అందుకే ఒక్క ఆడమనిషి వస్తే "వచ్చింది", ఆవు వచ్చినా "వచ్చింది". ఇద్దరు ఆడవాళ్ళు వస్తే మాత్రం "వచ్చారు". మన భాషలో ఆడదానికి మహద్రూపం దక్కేది బహువచనంలోనే. ఉత్తమపురుషకు, అంటే "నేను", "మేము"లకు, ఆ భేదం లేదని తెలుసు. అయినా ఒంటరిగా నిలబడ్డ ఆమె "మేము" అనగానే నాకు ఆ సూత్రం గుర్తొచ్చింది.

*

ఒక అక్క అడిగారు:

"సరే, నువ్వు చూపించిన ఆ 'పాటున కింతు లోర్తురె' పద్యంలోనే మూడో పాదం ఎందుకు వదిలేశావు? 'అప్పాటలగంధి వేదన నెపంబిడి యేడ్చె' అని కవే చెప్పాడు. దొంగ ఏడుపు అని తేల్చేశాడు. ఇంకా ఆమెను ఎలా వెనకేసుకొస్తావు?"

అక్కా, వదిలేయలేదు, దాని కోసమే ఆగాను. "నెపంబిడి" అనే మాట ఈ సన్నివేశంలో రెండుసార్లు వచ్చింది. మొదటిసారి వరూధిని నోట, ప్రవరుడి మీద: "నెపంబిడి పల్కరించు లాగు". రెండోసారి కవి నోట, వరూధిని మీద: "వేదన నెపంబిడి యేడ్చె". ఆమె విసిరిన మాటనే కవి ఆమె మీదికి తిప్పాడు.

అయితే నెపం అంటే అబద్ధం కాదు. నెపం అంటే పైకి చెప్పే కారణం. "పనుందనే నెపంతో వచ్చాడు" అంటే రావడం నిజం, పని పైకి చెప్పిన మాట. అలాగే "వేదన నెపంబిడి ఏడ్చె" అంటే ఏడుపు నిజం. గోరు గీరుకున్న నొప్పి మాత్రం పైకి చెప్పిన కారణం. వలచినవాడు ముఖం తిప్పుకున్నాడు. ఆ మాట చెప్పి ఏడిస్తే మళ్ళీ చులకన. గోరు తగిలిందని చెప్పి ఏడవచ్చు. పెళ్ళికొచ్చిన చుట్టాల మధ్య కళ్ళలో పొగ పడిందని చెప్పి ఏడ్చిన ఆడవాళ్ళను నేను చూశాను. ఆ పొగ నెపమే, ఆ కన్నీళ్ళు కావు. "నెపం" అని చదివి "నటన" అని అర్థం చెప్పేవాళ్ళతో నా పేచీ ఇక్కడే. మొదటిసారి ఆ మాట ప్రవరుడి విషయంలో తప్పు నింద అని ఒప్పుకుంటాం. రెండోసారి అదే మాట ఆమె విషయంలో వచ్చేసరికి తీర్పు అని ఎందుకు తీసుకోవాలి?

కానీ నాలుగో పాదం సంగతి నేనూ సమర్థించలేను. మూడో పాదం చివరే ఆ ఏడుపును "కలస్వనంబుతో" అన్నాడు, ఇంపైన గొంతుతో అని. అక్కడితో ఆగకుండా, ఆ కన్నీళ్ళు ఆమె గుండెల మీద ఎలా చింది చెదిరాయో వర్ణించాడు. అంత పదునుగా మాట్లాడించిన కవి, ఆమె ఏడ్చేసరికి మాట మానేసి ఒళ్ళు చూశాడు. అది కొలువు చూపు. ఆ పద్యం ధార ఎంత గొప్పదైనా, చదివిన ప్రతిసారీ నాకు ఆ పాదం దగ్గర మనసు చివుక్కుమంటుంది.

*

మొదట ప్రశ్న వేసిన తమ్ముడు మళ్ళీ వచ్చాడు:

"అంటే రాయల కొలువులో ఆడవాళ్ళ పట్ల గౌరవం ఉన్నట్టా, లేనట్టా అక్కా?"

తమ్ముడూ, అలా ఒక్కమాటలో తూచడం నావల్ల కాదు. పద్యాల చివర కవులు వేసే తీర్పువాక్యాలు మాత్రం చూపిస్తాను. అర్థాంతరన్యాసం అంటామే, ఒక విశేషాన్ని చెప్పి దాన్ని లోకానికంతా వర్తించే మాటతో ముగించడం, అది. ప్రవరుడు వరూధినిని తోసే పద్యం చివర పెద్దన ఇలా అన్నాడు: "కలంచునే సతుల మాయల్ ధీర చిత్తంబులన్". ఆడవాళ్ళ మాయలు ధీరుల మనసుల్ని కలచగలవా అని. ఆమె "ఇంతులు" అని అందరి తరఫున మాట్లాడితే, కవి "సతులు" అని అందరి మీదా తీర్పు చెప్పాడు.

అదే రాయల కొలువులో నంది తిమ్మన పారిజాతాపహరణం రాశాడు. అలిగిన సత్యభామ, కాళ్ళ మీద వాలిన కృష్ణుడి తలను ఎడమకాలితో తోసేసింది. "శిరమచ్చో వామపాదంబునం దొలఁగం ద్రోచె లతాంగి". తిమ్మన వెంటనే ఏమన్నాడు? "యట్ల యగు నాథుల్ నేరముల్ సేయఁ బేరలుకం జెందిన యట్టి కాంత లుచిత వ్యాపారముల్ నేర్తురే". మొగుళ్ళు తప్పు చేస్తే అంతే మరి, అంత కోపంలో ఉన్న ఆడవాళ్ళకు తగినదేదో తగనిదేదో ఎక్కడ తోస్తుంది అని. తన్నులు తిన్న కృష్ణుడు కూడా అది నాకు "మన్ననయ" అన్నాడు, గౌరవమే అని. పైగా నా ఒంటి పులకల ముళ్ళు నీ పాదానికి గుచ్చుకుని నొచ్చుతుందేమోనని దిగులుపడ్డాడు.

రెండుచోట్లా క్రియ ఒకటే, "త్రోచె". సత్యభామ భర్తను తోస్తే "అట్ల యగు". ప్రవరుడు వరూధినిని తోస్తే అది ధీరచిత్తం. భార్య అలక మీద కొలువు ముచ్చటపడింది. ఎవరికీ భార్య కాని ఆడది తనంత తానుగా వలచి వస్తే "మాయ" అంది.

ఇంటి ఇల్లాలి మాట కూడా మనుచరిత్రలోనే ఉంది. ప్రవరుడి భార్య గురించి: "వండ నలయదు వేవురు వచ్చి రేని నన్నపూర్ణకు నుద్ది యౌ నతని గృహిణి". వెయ్యిమంది వచ్చినా వండడానికి అలసిపోదట. ఎంత చల్లని పద్యం! నేనూ ఇష్టంగా చదువుకుంటాను. కానీ చూడు, ఆమెకు దక్కిన మెప్పు అలసిపోకపోవడానికి. "నతని గృహిణి" అనే షష్ఠిలోనే, 'అతని యొక్క' అనడంలోనే, ఆమె ఉంది. మాటకు మాట తూచి ఇచ్చే పని కవి ఇల్లాలికి ఇవ్వలేదు, హిమాలయం మీద ఒంటరిగా తిరిగే అప్సరసకు ఇచ్చాడు. మనం ఐదువందల ఏళ్ళుగా కంఠతా పట్టింది ఆ అప్సరస మాటలనే.

*

మాస్టారు మళ్ళీ రాశారు:

"అమ్మా, 'ఇంతులు' పద్యంతో కలిపి చూపించాక 'మె' విషయంలో నా పట్టు కొంచెం సడలింది. రెండర్థాలూ ఉండనిద్దాం. కానీ 'సతుల మాయల్' అన్నది ప్రవరుడి మనసులోని మాటగా ఎందుకు తీసుకోకూడదు? కవిది అనే అనుకోవాలా?"

మాస్టారూ, అలా తీసుకోవచ్చు, నాకూ అలా తీసుకోవాలనే ఉంది. అలా తీసుకుంటే కథ ముందుకు వెళ్ళేసరికి ఆ మాట ఇంకా బరువెక్కుతుంది. ఎందుకంటే మనుచరిత్రలో మాయ చేసినవాడు ఒకడున్నాడు, ఆడది కాదు. ఒకప్పుడు వరూధిని కాదన్న గంధర్వుడు, ప్రవరుడు అగ్నిని ప్రార్థించి ఇల్లు చేరుకున్నాక, ప్రవరుడి రూపం వేసుకుని ఆమె దగ్గరికి వచ్చాడు. మనం అతన్ని "మాయాప్రవరుడు" అనే పిలుచుకుంటున్నాం. ఆమె వలపు నిజం, అతని రూపం అబద్ధం. వాళ్ళకు పుట్టిన స్వరోచి వల్లనే స్వారోచిష మనువు కథ నడిచింది, ప్రబంధానికి ఆ పేరొచ్చింది.

మార్కండేయపురాణం నుంచి వచ్చిన ఆ కథలో గంధర్వుడు ఆమెకు ఒక షరతు పెట్టాడు. తామిద్దరూ కలిసి ఉన్న వేళ ఆమె కళ్ళు మూసుకునే ఉండాలని. "ఇంతలు కన్నులుండ" అని మాట మొదలుపెట్టిన ఆడది, ఆ షరతుకు ఒప్పుకుని కళ్ళు మూసుకుంది.